సవర అని వెతికితే సవరం వచ్చింది

పోస్టు పెద్దదే, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. మెస్ లైన్లో అయితే ఫోన్ జాగ్రత్త.

మన గ్రూపులో చాలామందికి తెలుసు, రాజాంలో హాస్టల్ పిల్లలం ఆరుగురం కలిసి ఒక కథల పుస్తకం వేశాం. సీతంపేట పైన గూడేల్లో నలుగురు పెద్దవాళ్ళు చెప్పిన పదకొండు కథలు. ఎడం పేజీలో సవర, తెలుగు లిపిలో. కుడి పేజీలో తెలుగు. 96 పేజీలు, 300 కాపీలు, వెల 80 రూపాయలు. డబ్బులు ఎలా పోగేశామో అది ఇంకో పోస్టు. ఇప్పుడు చెప్పేది పుస్తకం గురించి కాదు, ఆన్‌లైన్ షాపులో దానికున్న పేజీ గురించి. ఐదు నెలలుగా ఆ పేజీని చేనుకి కాపలా కాసినట్టు కాస్తున్నాం.

పేజీ పైకి వచ్చిందని మెసేజ్ వచ్చిన రాత్రే సైట్లో 'సవర' అని కొట్టి చూశాం. సవరం వచ్చింది. జడలో పెట్టుకునే సవరాలు, పొడవువీ పొట్టివీ, రేట్లతో సహా. వాటి కింద రాజ్యాంగ సవరణల మీద గ్రూప్స్ పుస్తకాలు రెండు. మీరు వెతుకుతున్నది 'సవరణ'నా అని పైన ఒక ప్రశ్న కూడా. పడీ పడీ నవ్వుకున్నాం. తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

పుస్తకం పేరు మొత్తం కొడితే వస్తోంది, నిజమే. పేరు తెలిసినవాడు ఎలాగైనా పట్టుకుంటాడు. పేరు తెలియనివాడు, 'మన భాషలో ఏదైనా పుస్తకం ఉందేటి' అని చూసేవాడు, 'సవర' అనే కదా కొడతాడు! వాళ్ళ కోసమే ఆన్‌లైన్‌లో పెట్టింది. రాజాంలో పుస్తకాల షాపంటే గైడ్లు, బిట్ బ్యాంకులు, లాంగ్ నోట్సులు. పాలకొండలోనూ అంతే. మనవాళ్ళు చూస్తే విశాఖలో కట్టుబడి పనుల్లో ఉన్నారు, హైదరాబాద్‌లో ఉన్నారు, ఒడిశాలో గుణుపురం వైపు ఊళ్ళకి ఊళ్ళే ఉన్నారు, తేయాకు తోటలకి వెళ్ళి అక్కడే ఉండిపోయిన తరాలు అస్సాంలో ఉన్నాయి. వాళ్ళందరికీ దారి ఆ వెతికే గడి ఒక్కటే.

సొంత డబ్బులతో పుస్తకం వేసుకోవడం తెలుగులో కొత్తేం కాదు. లైబ్రరీలో ఏ పాత కవిత్వం పుస్తకం తీసినా లోపలి పేజీలో 'ప్రతులకు' అని రచయిత ఇంటి అడ్రసు, దాని కింద విశాలాంధ్ర, నవోదయ అని ఉంటాయి. కొన్నిటిలో వెనకాల 'తప్పొప్పుల పట్టిక' అని చిన్న కాగితం అంటించి ఉంటుంది. ఇప్పుడు లిస్టింగ్ అంటున్నది ఆ 'ప్రతులకు' పేజీనే. కాకపోతే అచ్చులో ఆ పేజీ మొత్తం రచయితే రాసుకునేవాడు. ఇక్కడ మనం కొంత రాస్తాం, అమ్మేవాడు కొంత మారుస్తాడు, మిగిలింది కంప్యూటర్ ఊహిస్తుంది. తప్పొప్పుల పట్టిక అంటించడానికి చోటు మాత్రం లేదు.

ముందు పేర్ల సంగతి. మనలో ఎంతమందికి సర్టిఫికెట్లో ఇంటిపేరు 'సవర' అని ఉందో మీకు చెప్పక్కర్లేదు. బడిలో చేర్చుకున్న రోజున మాస్టారు ఏ కులం అని అడిగి ఉంటారు, అదే ఇంటిపేరు గడిలో పడి ఉంటుంది. మాకు కథలు చెప్పిన మామ్మ ఆధార్‌లోనూ అంతే. మేము అట్ట మీద ఉన్నట్టే పూర్తి పేరు ఇచ్చాం. లిస్టింగ్‌లోకి వచ్చేసరికి ఇంటిపేరు వెనక్కి వెళ్ళి, కుదించుకుపోయి 'ఎస్.' అని మిగిలింది. ఆ పేరు నొక్కితే రచయిత పేజీ వస్తుంది కదా, అందులో మన కథల పుస్తకం పక్కన బ్లౌజు కటింగ్ నేర్పే పుస్తకం ఒకటి. అదే పేరున్న ఇంకో ఆవిడ రాసిందట. సైటు ఇద్దర్నీ ఒకే మనిషిని చేసింది. మామ్మ జన్మలో కుట్టు మిషన్ తొక్కలేదు.

ఇది మనకి ఎక్కువ జరుగుతుంది, కారణం ఉంది. ఇంటిపేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ. ఇంటిపేరుని ఒక్క అక్షరం చేస్తే ఇద్దరేం ఖర్మ, పదిమంది ఒకరైపోతారు. అందుకే ఎప్పుడు రాసినా పూర్తిగా రాయండి, ప్రతి పుస్తకం మీదా ఒకే స్పెల్లింగ్‌తో రాయండి. ఇంగ్లీషులో 'సవర' చివర 'ఏ' ఒకటా రెండా అన్నది కూడా ముందే తేల్చుకోండి.

ఇక భాష. మా గొడవంతా ఇక్కడే.

ఫారంలో 'భాష' అని ఒక గడి ఉంటుంది. మనం రాయడానికి లేదు, జాబితాలోంచి ఎంచుకోవాలి. 'స' దగ్గర సంస్కృతం ఉంది, సంతాలీ ఉంది, సింధీ ఉంది, సెర్బియన్ ఉంది. సవర లేదు. అంటే ఆ ఫారంలో 'సవర' రచయిత ఇంటిపేరుగా పడుతుంది, భాషగా పడదు. ఆ రాత్రి మాకు నవ్వు ఆగిపోయింది దీని దగ్గరే.

ఎందుకు లేదో తవ్వాం. ప్రపంచంలో భాషలకి మూడక్షరాల కోడ్‌లు ఉంటాయి. లైబ్రరీలు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న పాత జాబితాలో, అంటే ఐఎస్ఓ 639-2లో, సవరకి విడిగా చోటు లేదు. ముండా భాషలన్నిటికీ కలిపి ఒక్క కోడ్ ఇచ్చి వదిలేశారు. తర్వాత వచ్చిన 639-3లో ఉంది, 'సోరా' పేరుతో, ఎస్‌ఆర్‌బీ అని. ఈ మూడక్షరాలే దేశాల కోడ్‌లలో సెర్బియాకి ఉన్నాయి, అది వేరే తమాషా. ఇంకో చిక్కు ఏమిటంటే అదే 639-3లో 'సవర' అని మరో ఎంట్రీ ఉంది, ఎస్‌వీఆర్. ఎత్నోలాగ్ దాన్ని ద్రావిడ భాషల కింద పెట్టింది. మనం మాట్లాడేది ముండా భాష, ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబం. కాబట్టి 'సవర' అన్న మన పేరు చూసి ఎస్‌వీఆర్ ఎంచుకుంటే మన భాష తెలుగుకి చుట్టమైపోతుంది. ఎంచుకోవాల్సింది ఎస్‌ఆర్‌బీ. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా ఈ పోస్టు చదివినందుకు మీకు గిట్టుబాటే.

లిపి గురించి అడుగుతారు కొందరు. మంగై గొమాంగో గారు 1936లో సొరాంగ్ సంపెంగ్ లిపి చేశారు, 2012లో యూనికోడ్‌లోకి కూడా వచ్చింది. కానీ ఆ లిపికి ఫాంట్ లేని ఫోన్‌లో ఖాళీ డబ్బాలే కనిపిస్తాయి. ఆంధ్రా వైపు మన పిల్లలకి బడి నేర్పింది తెలుగు లిపి. అందుకే తెలుగు లిపిలో వేశాం. ఒడిశా వైపు అన్నలు దీనికి ఒప్పుకోరు, తెలుసు. కామెంట్లలో ఎలాగూ తిడతారు, తిట్టండి.

అయితే మా ఎదురుగా ఉన్న జాబితాలో ఏ కోడూ లేదు, రెండే దారులు. 'తెలుగు' అని పెట్టాలి, లేదా 'ఇతర' అని పెట్టాలి. దీని మీద మాలో మేము రెండు రాత్రులు కొట్టుకున్నాం. 'ఇతర' అని పెడితే అబద్ధం ఉండదు. కానీ తెలుగు పుస్తకాలని వడపోసి చూసేవాడికి మనం కనపడం, 'ఇతర'లో వెతికేవాడు ఎవడూ ఉండడు. 'తెలుగు' అని పెడితే కనపడతాం, కానీ ఎడం పేజీలన్నీ లేనట్టే. మాలో ఒకరు అన్నారు, "బళ్ళో కూడా ఇలగే కదరా, తెలుగని రాయించుకునే లోపలికెళ్ళాం. మళ్ళీ అదే పని సేద్దామా?" ఇంకొకరు, "అమ్ముడుపోని పుస్తకంలో భాష బతికేటి?" అన్నారు. ఇద్దరి మాటా కొట్టెయ్యలేం.

చివరికి 'తెలుగు' అనే పెట్టాం, సగం పుస్తకం తెలుగే కాబట్టి. దానితో పాటు ఉపశీర్షికలోనే 'సవర–తెలుగు ద్విభాషా కథలు' అని వచ్చేలా చేశాం. కీలకపదాల్లో సవర, సోరా, సవోరా, శబర, ఇంగ్లీషులో నాలుగు స్పెల్లింగులు ఇచ్చాం. రెండు వారాలకి 'సవర కథలు' అని కొడితే మన పుస్తకం రెండో వరసలో వచ్చింది. సవరాలు కిందికి వెళ్ళాయి. జాబితాలో సోరా చేర్చమని షాపుకి మెయిల్ కూడా పెట్టాం. సంబంధిత టీముకి పంపామని జవాబు వచ్చింది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ అదే జవాబు.

తెలుగువాళ్ళకీ ఇది కొత్త కాదు లెండి. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో ఐదు భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి. తెలుగు లేదు. కోట్లమంది మాట్లాడే భాషకే జాబితాలో చోటు కోసం ఎదురుచూడడం తప్పలేదు. మన సంగతి చెప్పేదేముంది!

గిడుగు రామమూర్తి గారి పుస్తకాలు వెతికితే ఇదే కథ ఇంకోలా కనిపిస్తుంది. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజు తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, మనమూ కాలేజీలో దండలు వేస్తాం. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు, మద్రాసులో అచ్చయ్యాయి. వ్యాకరణం పేరులో 'సో' అన్న అక్షరం తర్వాత దీర్ఘానికి గుర్తుగా రెండు చుక్కలు పెట్టారు. కేటలాగుల్లో రెండు చుక్కలంటే అసలు పేరు ఐపోయి ఉపశీర్షిక మొదలైనట్టు. ఇంక రామమూర్తి అన్న పేరుని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో లెక్కపెట్టండి. మన భాషకి పెద్ద పుస్తకం ఉందని తెలిసి కూడా మేము మూడు స్పెల్లింగులు మారిస్తే గానీ దొరకలేదు.

తర్వాత మామ్మ పాత్ర. పుస్తకంలో మామ్మ చెప్పినవి ఆరు కథలు, సగానికి పైనే. ఆవిడకి అక్షరాలు రావు. మేము రికార్డు చేసి, రాసి, మళ్ళీ వినిపించి, ఆవిడ 'ఊఁ' అన్నాకే అచ్చుకిచ్చాం. ఫారంలో పాత్రలు ఇవీ: రచయిత, సంపాదకుడు, అనువాదకుడు, చిత్రకారుడు, నేరేటర్. షాపు తరఫున పేజీ ఎక్కించిన మనిషి మామ్మని నేరేటర్ చేశారు. వాళ్ళ లెక్కలో నేరేటర్ అంటే ఆడియో పుస్తకం చదివి వినిపించే గొంతు. దాంతో మన అచ్చు పుస్తకం ఆడియో పుస్తకమని చూపించడం మొదలైంది. 'ఫైలు ఎక్కడ డౌన్‌లోడ్ చేసుకోవాలి' అని ఒకాయన ప్రశ్న కూడా పెట్టారు.

ప్రచురణకర్తలూ షాపులూ పుస్తకాల వివరాలు పంపుకోడానికి ఆనిక్స్ అని ఒక పద్ధతి ఉంది. అందులో పాత్రలకి కోడ్‌లు ఉంటాయి. 'ఫలానావారు చెప్పగా' అన్నదానికి కూడా ఉంది, బీ07. అది చూసి మాకు ఒళ్ళు పులకరించింది. మామ్మ చేసే పనికి కోడ్ ఉందన్నమాట! మా ఎదురుగా ఉన్న ఫారంలో మాత్రం ఆ ఐదే ఉన్నాయి. అందుకని మామ్మని మొదటి రచయితగా పెట్టమని, మా ఆరుగురినీ సంకలనకర్తలుగా వెనక పెట్టమని అడిగాం. సంతకం చేయలేని మనిషి రచయిత ఎలా అవుతారని ఫోన్లో ఒకాయన అడిగారు. పుస్తకం అట్ట ఫోటో, లోపలి పేజీ ఫోటో పంపాం. అట్ట మీద ఆవిడ పేరే ముందుంది. మూడో మెయిల్‌కి మారింది.

మామ్మకి చూపించడానికి గూడెం వెళ్ళాం. ఫోన్లో పేరు చూపించి ఇది నువ్వే మామ్మా అన్నాం. "నా పేరెందుకు బావూ, కత మా యమ్మది" అంది. ఆవిడ అమ్మ పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆ గడి ఏ ఫారంలోనూ లేదు. రెండో ముద్రణలో ముందుమాటలో అయినా రాద్దామని పేరు రాసుకుని వచ్చాం.

ఐఎస్‌బీఎన్ గురించి కొంచెం ఓపిక పట్టండి, ఇది పనికొచ్చేది. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, 2016 నుంచి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. సొంతంగా వేసుకునే రచయితకీ ఇస్తారు. ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈ-పుస్తకానికి ఇంకొకటి కావాలి. ఉన్నదున్నట్టు మళ్ళీ అచ్చేస్తే కొత్తది అక్కర్లేదు, పేరు మారిస్తే కావాలి.

పదమూడు అంకెల్లో చివరిది తనిఖీ అంకె. మొదటి పన్నెండింటిని వరసగా ఒకటితో, మూడుతో, మళ్ళీ ఒకటితో, మూడుతో గుణించి కూడాలి. ఆ మొత్తానికి ఎంత కలిపితే సున్నాతో ముగుస్తుందో అదే చివరి అంకె. ఒక అంకె తప్పు పడితే ఇది పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా ఎక్కువసార్లు పట్టేస్తుంది. కానీ వాటి మధ్య తేడా ఐదు అయితే పట్టదు. మన నంబర్లో 2, 7 పక్కపక్కనే ఉన్నాయి. ఒక అమ్మకందారు 72 అని ఎక్కించాడు. రెండూ, ఏడు మూళ్ళు ఇరవై ఒకటీ ఒకసారి, ఏడూ, రెండు మూళ్ళు ఆరూ ఇంకోసారి వేసి లెక్క చూడండి, రెండు రకాలుగానూ చివరి అంకె అదే వస్తుంది. కంప్యూటర్ ఒప్పేసుకుంది. మన పుస్తకం మనది కాని నంబర్ కింద రెండో పేజీగా వెలిసింది, వెల 640 రూపాయలు! 80 రూపాయల పుస్తకం. ఒక టీచర్ గారు ఆ రేటు చూసి, 'గిరిజనుల పేరు చెప్పి వ్యాపారమా' అని మాకే మెసేజ్ పెట్టారు. మా ఇంట్లోవాళ్ళకి ఇది కొత్త కాదు. సంతలో జీడిపిక్కలు తూచి చిట్టీ రాసేవాడు మన పేరు మీదే రాస్తాడు, అంకె వాడిది. టీచర్ గారికి అట్ట వెనకాల వెల కనపడేలా ఫోటో పంపించాం, ఆ పేజీ తీసేయించడానికి పందొమ్మిది రోజులు పట్టింది.

అన్నిటికన్నా మనసుకి తగిలింది వివరణ. మేము రాసి ఇచ్చింది నాలుగు లైన్లు. దొంగ పేజీలో ఉన్నది ఇంకోటి: 'నాగరికత ఎరుగని ఆదిమ తెగల వింత లోకం' అట. ఆ మాటని ప్రభుత్వమే 2006లో వదిలేసింది, ప్రిమిటివ్ తీసేసి పీవీటీజీ అని పెట్టింది. ఆ కొత్త పేరులో 'బలహీనమైన' అన్నది కూడా మాకేం ముద్దుగా లేదు, అది వేరే సంగతి. కథల్లో ఉన్నది ఏమిటి? పోడులో ఎలుగుని బురిడీ కొట్టించిన ముసలమ్మ ఉంది. అప్పు తీర్చమని వచ్చిన షావుకారికి కల అమ్మిన కుర్రాడు ఉన్నాడు. వింత లోకం ఎక్కడుందో మాకు దొరకలేదు. మా వివరణలో ఆ ముసలమ్మనీ ఆ షావుకారినీ రాసుకున్నాం, 'గిరిజన' అన్న మాట ఒక్కసారే వాడాం. కొందరు అదీ వద్దన్నారు, కథలు కథలుగానే అమ్ముడుపోవాలని. కానీ మనవాళ్ళు వెతికే మాట అది. ఉంచాం.

చిన్నవి చాలా ఉన్నాయి. బరువు 150 గ్రాములకి కిలో అని పడితే పోస్టేజీ పుస్తకం వెలని మించిపోతుంది, అది మార్పించాం. రాజాం 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. పిన్ కోడ్ కొడితే ఫారం మాత్రం రెండింటినీ ఇంకా శ్రీకాకుళంలోనే ఉంచుతోంది. దాన్ని వదిలేశాం. మా నాన్నలు కూడా ఇంకా సికాకుళం జిల్లా అనే చెప్తున్నారు.

మొదలుపెట్టే ముందు తెలిసి ఉండాల్సినది ఒకటి. ఏవి తర్వాత మార్చుకోవచ్చు, ఏవి కుదరవు అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అమెజాన్ కేడీపీలో అయితే అచ్చు పుస్తకం విడుదలయ్యాక పేరు, రచయిత, భాష, ఐఎస్‌బీఎన్ మార్చనివ్వరు. వివరణ, కీలకపదాలు, కేటగిరీలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అందుకే మారనివాటి మీద విడుదలకి ముందే నలుగురూ కళ్ళు పెట్టండి.

ఇంత ఓపిక ఎక్కడ నేర్చుకున్నారని ఒక సీనియర్ అడిగారు. శ్రీకాకుళంలో కథానిలయం చూశాం. కాళీపట్నం రామారావు గారు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు డబ్బుతో మొదలుపెట్టి 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. ఒక్కో కథకి పేరు, రచయిత, ఏ పత్రికలో వచ్చింది, ఎప్పుడు వచ్చింది, అన్నీ రాసి పెట్టారు. కలం పేర్ల వెనక అసలు పేర్లు కూడా. ఇప్పుడవి ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. వేల కథలకి చేశారు. మాది ఒక్క పుస్తకం.

అక్కడి నుంచి వచ్చాక ఒక లాంగ్ నోట్సు పెట్టాం. నెలలో మొదటి ఆదివారం, మెస్‌లో టిఫిన్ అయ్యాక, ముగ్గురు మూడు ఫోన్లలో మూడు రకాలుగా వెతుకుతారు. అందులో ఒకటి మన అకౌంటు లేని ఫోన్ అయి ఉండాలి, మన ఫోన్ మనకి నచ్చిందే చూపిస్తుంది. తప్పు కనపడితే తేదీతో స్క్రీన్‌షాట్. ఒక మెయిల్‌లో ఒకటే తప్పు రాస్తాం, మూడు రాస్తే ఒకటి మార్చి కేసు మూసేస్తారు. అట్ట ఫోటో, లోపలి పేజీ ఫోటో ప్రతిసారీ జత చేస్తాం. జవాబు వచ్చిన తేదీ నోట్సులో పక్కన రాస్తాం. ఇప్పటికి పద్నాలుగు తప్పులు, పదకొండు మారాయి. మిగిలిన మూడింట్లో ఒకటి భాష.

300 కాపీల్లో 212 పోయాయి, వాటిలో ఆన్‌లైన్‌లో 71. మొన్న ఒకటి అస్సాం వెళ్ళింది. పేరు చూస్తే మనవాళ్ళదే అనిపించింది. తెలుగు లిపి చదవగలరో లేదో తెలీదు, అందుకే పార్సిల్‌లో మామ్మ రికార్డింగ్ లింకు రాసి పెట్టాం.

మాలో గదబ తమ్ముడు ఒకడు పొడుపుకథలు పోగేస్తున్నాడు, జూన్‌లో ప్రెస్సుకిస్తాడు. వాడి కోసం ఫారం ఇప్పుడే తీసి చూశాం. 'గ' దగ్గర గలీషియన్ ఉంది, గుజరాతీ ఉంది.